అట్టపెట్టెల గది

నిన్న గులాబ్‌బీ మొగుడితో ఒక అబద్ధం చెప్పింది. కువైట్ నుంచి చెప్పాపెట్టకుండా ప్రొద్దుటూరులో దిగిన అమీర్ బాషా, ఇంక తిరిగి పోయేది లేదని ఒక్క ముక్కలో తేల్చేసి, మంచినీళ్ళన్నా తాగకుండా వెనక గది తాళంచెవి అడిగాడు. ఆమె తడబడి, చెవి కూతురు సాజియా దగ్గర ఉందంది. సాజియా కాపురం జమ్మలమడుగులో. వచ్చినప్పుడు తెస్తుందిలే, ఇప్పుడు తొందరేముంది అంది. అమీర్ బాషా ఆ గది తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, సరేనని వచ్చి మంచం మీద వాలాడు.

ఆ అబద్ధం ఒక్క రాత్రి నిలబడింది.

తెల్లారి సాజియా రానే వచ్చింది. పెళ్ళయ్యాక తండ్రిని చూడటం మళ్ళీ ఇదే. నెరిసిన జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు చూసి ఏడ్చింది. ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చింది. ముగ్గురూ కూర్చుని అన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ అమీర్ బాషా మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

"చెవి తెచ్చినావామ్మా?"

"ఏం చెవి అబ్బా?"

"వెనక గదిది."

"అది నా కాడ యాలుంటాది? జొన్నల డబ్బా పైన మేకుకు తగిలించి ఉంటాది గదా. రోజూ తీసే తాళం, దాని చెవి నేను తీసకపోయి ఏం చేసుకుంటా?"

వంటింట్లో గిన్నె అడుగు గీకుతున్న గులాబ్‌బీ చెయ్యి ఆగిపోయింది. సాజియా తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఏదో పొరపాటు మాట తన నోటి నుంచి జారిందని అర్థమైంది గాని, జారిన మాటను ఏం చెయ్యాలో తెలియలేదు. ఆసుపత్రిలో ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ. బస్సుకు పోతూ పోతూ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, "చెప్పేయ్ మా. ఎన్నాళ్ళు దాస్తావు?" అని మెల్లగా అంది.

కూతుర్ని ఆటో ఎక్కించి వచ్చిన అమీర్ బాషా చెప్పులు కూడా విడవలేదు. జొన్నల డబ్బా దగ్గరికి పోయి, ఎడమ చేత్తో చెవి అందుకున్నాడు. ఎందుకు అబద్ధం చెప్పావని అడగలేదు. అడిగి ఉంటే గులాబ్‌బీకి కొంచెం తేలికయ్యేది.

ఆ గది పెద్దదేం కాదు. ఆమె అత్త ఉన్నప్పుడు వంటచెరుకు వేసుకున్న రేకుల గది. సాజియా పెళ్ళికి వచ్చినప్పుడు అమీర్ బాషా దానికి సున్నం కొట్టించి, నేల గచ్చు చేయించి, కొత్త తలుపు పెట్టించాడు. "నేను వచ్చేసినాక ఇదే నా మెకానిక్ షాపు" అన్నాడు. అప్పటికి అందులో ఉన్నవి నాలుగైదు పెట్టెలే. ఆయన మళ్ళీ విమానమెక్కాక మొదలైంది అసలు వరస. వీధిలో మిగతా ఇళ్ళకు కువైట్ కార్గో వ్యాను వస్తే పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, సెంటు సీసాలు దిగేవి. గులాబ్‌బీ ఇంటికి ఇనుము దిగేది. వ్యాను డ్రైవరు పెట్టె దించుతూ నడుము పట్టుకుని, "ఏంది పెద్దమ్మా, రాళ్ళు పంపిస్తాండాడా మీ ఆయన?" అనేవాడు.

పెట్టె వచ్చే ముందు ఫోను వచ్చేది.

"ఈ నెల కొంచెం తగ్గించి పంపిస్తాండా మే. ఒగ డ్రిల్లింగ్ మిషను దొరికింది. కొత్తది. ఇంత చౌకగా మళ్ళా దొరకదు."

"ఇప్పుడేం అవసరం?"

"ఇప్పటికి కాదు. షాపు పెట్టినాక కావాల గదా. అప్పుడు కొనాలంటే దుడ్లు యాడుంటాయి?"

ఆయన దగ్గర ప్రతి సామానుకూ ఒక కారణం ఉండేది. గ్రైండింగ్ మిషను లేని షాపు షాపే కాదనేవాడు. నట్టు ఎంత బిగించాలో అంతే బిగించి ఆగిపోయే పానా ఒకటుంది, అది ఉంటే దూరం నుంచి బండ్లు వెతుక్కుంటూ వస్తాయనేవాడు. బల్లకు బిగించి ఇనుప ముక్కను కదలకుండా పట్టే వైసు ఒకటి ఉండగానే ఇంకొకటి వచ్చింది. రెండెందుకని అడిగితే, ఒకటి చిన్న పనికి, ఒకటి పెద్ద పనికి అన్నాడు. పనే లేనప్పుడు చిన్నదేంది, పెద్దదేందని ఆమె నోటి చివరిదాకా వచ్చి ఆగేది. అంత దూరంలో ఉన్న మనిషి. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడే ఆయన గొంతులో హుషారు వినపడేది. దాన్ని తానెందుకు చంపాలి?

ఇప్పుడు ఆ గది తలుపు తెరుచుకుంది.

అమీర్ బాషా గడపలోనే ఆగి చూశాడు. గోడవారగా అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి, ఆయన పంపిన వరసలోనే ఉన్నాయి. దుమ్ము లేదు. ఆయన ముఖంలో ఒక చిన్న వెలుగు వచ్చింది. ఇంత శుభ్రంగా పెట్టిందే అనుకున్నాడేమో. గులాబ్‌బీకి ఆ వెలుగు చూస్తే భయమేసింది. దుమ్ము ఎందుకు లేదో ఆమెకు తెలుసు.

ముందు చేతికందిన పెట్టె గ్రైండింగ్ మిషనుది. పైనున్న టేపు రెండోసారి అంటించింది. ఆయన దాన్ని ఒలిచి, మిషనును బయటికి తీసి, వైరు చుట్ట విప్పి, చివరన ఉన్న ప్లగ్గును అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇది కాదు దీని ప్లగ్గు."

గులాబ్‌బీ గడప దగ్గర నిలబడి కొంగు సర్దుకుంది.

"దీనికి కువైట్ ప్లగ్గు ఉండాల. లావుది, బద్దలది. ఇది ఈడి ప్లగ్గు. ఎవురు మార్చినారు?"

"నాగేంద్ర."

"నాగేంద్ర ఎవురు?"

"లింగాల ఊరోడు. వెల్డింగ్ చేస్తాడు. ముందర కిటికీకి గ్రిల్లు చేసింది ఆయప్పే."

అమీర్ బాషా మిషనును బల్ల మీద పెట్టి ఇంకో పెట్టె తెరిచాడు. దానికీ ఈ ఊరి ప్లగ్గే. ఇంకొకటి తెరిచాడు. డ్రిల్లింగ్ మిషను పిడికి ఎవరిదో చేతి చెమట నల్లగా పట్టి ఉంది. వెల్డింగ్ సెట్టు మీద సిమెంటు మరకలు. పానాల పెట్టెలో ఒక గూడు ఖాళీ, దాంట్లో ఉండాల్సిన పానాకు బదులు సరిపోని ఇంకోటి. ఒక్కో పెట్టె తెరిచినప్పుడల్లా ఆయన ఒక్కో అంగుళం కిందికి దిగిపోతున్నట్టు అనిపించింది గులాబ్‌బీకి. చివరికి బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు.

"అన్నీ వాడేసినారు" అన్నాడు.

"బాడిగకిచ్చినా" అంది గులాబ్‌బీ.

చెప్పేశాక, ఇన్నాళ్ళు మోసిన ఆ మాట ఇంత చిన్నదా అనిపించింది. గడపలోనే కూర్చుని, ఎట్లా మొదలైందో చెప్పింది. గ్రిల్లు పని సగంలో ఉండగా నాగేంద్ర మిషను కాలి పొగొచ్చింది. పాత కిటికీ అప్పటికే పీకేశారు. వీధి వైపు గోడకు మనిషి పట్టేంత సందు. పొద్దు వాలుతోంది. సాజియా అత్తగారింట్లో. ఇంట్లో తానొక్కతే. "రేపొచ్చి చేస్తాలే అక్కా" అని వాడు సామాను సర్దుకుంటుంటే, ఆమెకు ఇంట్లోనే ఉన్న మిషను గుర్తొచ్చింది. తీసిచ్చింది. లావు ప్లగ్గు మన సాకెట్టులో పట్టలేదు. నాగేంద్ర దాన్ని కోసి వేరేది పెట్టాడు. ఆ రాత్రి ఆమె కిటికీ మూసుకుని పడుకుంది.

"అంతటితో ఆపాల్సింది గదా."

"ఆపేదాన్నే. రెండు దినాలకు మళ్ళా వచ్చినాడు. పులివెందుల కాడ గేటు పని ఉండాది, మిషను ఇయ్యక్కా, బాడిగిస్తా అన్నాడు. నేను అడగల్యా, ఆయప్పే ఇచ్చినాడు. ఆయప్ప ఇంకొకరికి చెప్పినాడు. చిలమకూరు కాడ సిమెంటు ఫ్యాక్టరీ రిపేరీకి ఆపినప్పుడు కాంట్రాక్టు పనోళ్ళు వచ్చినారు. అట్ల అట్ల."

"నా సామాను ఊళ్ళోళ్ళ చేతుల్లో పెట్టినావు."

"పెట్టినా."

"నాకు ఒగ మాట చెప్పల్యా."

"చెప్తే వద్దంటావు."

"వద్దంటానని తెలిసే ఇచ్చినావు."

గులాబ్‌బీ తల ఎత్తింది. ఆమెకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కావలసిన ఓపిక ఎప్పుడో అయిపోయింది.

"యాల కొన్నావయ్యా ఇవి? పెట్టెలో పెట్టి చూసుకునేదానికా? వీధిలో మున్వర్ పెండ్లాం అడుగుతాది, ఇన్ని పెట్టెలొస్తాండాయి, ఒగ చీరన్నా రాలేదా అని. వచ్చినాది, లోపల ఉండాది అంటా. ప్రతి ఒగటికీ నేనే ఒగ కారణం వెతకాల. మీ అన్నకు, నా చెల్లెలికి, సాజియా అత్తకు. మా ఆయన షాపు పెడతాడు, మా ఆయన పెద్ద మిస్త్రీ. చెప్పీ చెప్పీ నాకే నమ్మకం పోయింది. ఒగనాడు ఆ మిషను తిరగతాంటే, నిప్పురవ్వలు లేస్తాంటే చూసినా. అప్పుడనిపించింది, ఇది నిజంగా మిషనే అని. అంతకు ముందు నాకది పెట్టెనే."

అమీర్ బాషా గ్రైండింగ్ మిషనును ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో దాని ఒంటి మీద తడుముతున్నాడు. పిల్లాడికి దెబ్బలెక్కడ తగిలాయో చూసే తండ్రిలాగా.

"ఈ గీత మీవోళ్ళు పెట్టిందే" అన్నాడు. "ఈ సొట్టా అంతే. ఈ పక్కనున్న గీత మాత్రం ముందే ఉండె."

"ముందే ఉండెనా?"

ఆయన వేలు ఆగింది.

"కొత్తదన్నావు గదా. కొత్తదానికి గీత ఎట్ల ఉంటాది?"

రేకుల మీద పిచ్చుకలు గంతులేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అమీర్ బాషా మిషనును కిందపెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. కుడి చెయ్యి పెట్టుకోలేదు, ఎడమ చేత్తో దాన్ని పట్టుకొచ్చి పెట్టాడు. నిన్నటి నుంచి గులాబ్‌బీ కంటికి అడ్డం పడుతున్నది అదే. పొద్దున చొక్కా వేసుకునేటప్పుడు కుడి చేతిని ముందు తొడిగి, దాని మీదికి చొక్కాను లాక్కున్నాడు. అన్నం తినేటప్పుడు మోచెయ్యి పక్కకు ఆనించుకునే ఉన్నాడు. పెట్టెలన్నీ ఎడమ చేత్తోనే దించాడు.

"కొత్తవి కాదు" అన్నాడు. "ఒగటీ కొత్తది కాదు. ఆడ శుక్రవారం శుక్రవారం ఒగ సంత జరుగుతాది. పాతసామాను అంతా ఆడికే వస్తాది. షాపులు మూసేసినోళ్ళవి, పని మానుకుని దేశాలకు పోయేటోళ్ళవి. జుమ్మా నమాజు అయినాక పోయేవాడిని. కొని తెచ్చి, కిరసనాయిలుతో కడిగి, తుప్పు గీకి, పెట్టె యాడన్నా దొరికితే దాంట్లో పెట్టి పంపించేది."

"కొత్తదని యాల చెప్పినావు?"

"పాతసామానుకు దుడ్లు పెడతాండానంటే నువ్వు ఒప్పుకుంటావా?"

అదీ నిజమే. ఒప్పుకునేది కాదు.

"చెయ్యికి ఏమైంది?" అంది.

ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో లేచి తలుపు దాకా పోయి వచ్చాడు. కువైట్‌లో ఆయన మెకానిక్‌గా చేసే గ్యారేజీలో ఒకనాడు లారీ కింద పడుకుని గేర్‌బాక్సు దించుతుంటే, పైనున్నవాడి చెయ్యి జారి ఆ బరువు కుడి భుజం మీద పడింది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి లేవడం, బరువు పట్టడం మానేసింది. అది నయమయ్యేలోగా కరోనా వచ్చింది, గ్యారేజీ మూతపడింది. మళ్ళీ తెరుస్తామన్నవాళ్ళు తెరవలేదు. అప్పటి నుంచి ఆయన ఒక ఆఫీసులో టీలు అందించే పని చేశాడు. కాగితాలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి చేర్చడం, సాయంత్రం కప్పులు కడగడం. విమానం ఎక్కేదాకా అదే పని.

"అంటే సాజియా పెండ్లయి నువ్వు పోయినప్పట్నుంచీ..."

"ఆ. పోయిన కొత్తల్లోనే."

"ఇవన్నీ ఆ తర్వాత కొన్నవే."

"దాదాపు అన్నీ."

గులాబ్‌బీ ఆ గదిని చుట్టూ చూసింది. ఇన్నేళ్ళూ పెట్టె దిగిన ప్రతిసారీ ఆమె ఒకటే అనుకుంది, మనిషి పని బాగుంది, చెయ్యి ఆడుతోంది, అందుకే కొంటున్నాడు అని. ఊరందరికీ అదే చెప్పింది. పానా పట్టలేని మనిషి పానాలు కొంటాడని ఆమెకు ఎట్లా తోస్తుంది?

"మరి యాల కొన్నావు?" అని అదే మాట మళ్ళీ అడిగింది. ఈసారి ఆమె గొంతులో నిలదీత లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"ఆడ నాది అని చెప్పుకునేదానికి ఏం లేదు గులాబీ. మంచం మీద మంచం. కింద ఒగడు, పైన ఒగడు. నా మంచం కిందున్న పెట్టె ఒగటే నాది. దీపం ఆర్పినాక కండ్లు మూసుకుని ఈ గది సర్దుకుంటాంటి. వైసు ఆ గోడకు. డ్రిల్లింగ్ మిషను కిటికీ కాడ, వెలుతురుంటాది. పానాలు సైజు వరసన పలకకు తగిలించి. ఒగటి కొత్తగా దొరికిందంటే మళ్ళా అంతా సర్దాల. వారం దినాలు నిద్ర బాగా పట్టేది." ఆగి, కొంచెం నవ్వబోయాడు. "చెయ్యి లేవదని నాకు తెలుసు. పడుకున్నప్పుడు మాత్రం లేస్తాంటాది."

గులాబ్‌బీ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుపు కాదు, ఉక్క. పోట్లాడదామని కూడగట్టుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆయన దాచాడు, తాను దాచింది. ఇద్దరిదీ ఒకే గది. ఇప్పుడు ఎవరు ఎవరిని తప్పు పట్టాలి? ఆమెకు ఒక్కసారిగా పడుకోవాలనిపించింది. ఈ గడప మీదే, చెయ్యి తలకింద పెట్టుకుని.

పడుకోకుండా లేచిపోయి టీ పెట్టుకొచ్చింది. ఇద్దరూ ఆ పెట్టెల మధ్యే కూర్చుని తాగారు.

"బాగానే చూసుకున్నావులే" అన్నాడు అమీర్ బాషా, డ్రిల్లింగ్ మిషను మూత విప్పి లోపలికి చూస్తూ. "మోటారులో అరిగిపోయే కార్బన్లు మార్చినట్టుండారు."

"నేనే మార్చినా."

"నువ్వా?"

"మార్చమని ఇస్తే రెండు మూడు దినాలు పెట్టుకుంటారు అంగట్లో. అంతసేపూ బాడిగ పోతాది. చూసి చూసి నేర్చుకున్నా." ఆ మాట అన్న ధైర్యంతోనే, ఎన్నో నెలలుగా కడుపులో పెట్టుకున్న ఇంకో మాట కూడా అనేసింది. "ఒగ బ్రేకర్ కొందామనుకుంటాండా. గోడలు, కాంక్రీటు పగలగొట్టేది. ఊళ్ళో అందరూ పాత ఇండ్లు పడగొట్టి కడతాండారు, వారానికి ఇద్దరన్నా అడిగి వాపసు పోతాండారు. పెద్దదైతే మేలంట."

అమీర్ బాషా గ్లాసు నోటి దగ్గర ఆపాడు.

"ఇప్పుడేం అవసరం?" అన్నాడు.

అని, తన నోటి నుంచి వచ్చింది ఎవరి మాటో ఆయనకే తెలిసింది. గులాబ్‌బీ పెదవి బిగబట్టుకుంది. ఆగలేదు. ముందు ఆమె నవ్వింది, తర్వాత ఆయన నవ్వాడు. చాలా రోజుల ఎండ తర్వాత పడిన నాలుగు చినుకుల్లాంటి నవ్వు. నేల తడవకముందే ఆగిపోయింది. కానీ పడింది.

"సరేలే, చూద్దాం" అంటూ ఆయన లేచి, తెరిచిన పెట్టెలను మళ్ళీ వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. ఆమె అందిస్తోంది, ఆయన ఎడమ చేత్తో పెడుతున్నాడు. ఏది ఎక్కడుండాలో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. చివరి వరసకు వచ్చేసరికి మూలన ఒక చోటు ఖాళీగా మిగిలింది.

"చైన్ బ్లాకు ఏదీ?"

"ఏది?"

"గొలుసు లాగితే బరువు పైకి లేపే కప్పీ. ఎర్రది. చెక్కపెట్టెలో పంపించినా, మేకులు కొట్టి."

"అదా. నాగేంద్ర తీసకపోయినాడు, నువ్వొచ్చే ముందు దినం. లింగాల కాడ ఎవురిదో చీనీకాయల తోట. బోరులో మోటారు కాలిపోయిందంట. శానా లోతుకు దించినారు, పైపులు, మోటారు కలిసి బరువు ఎక్కువుండాది, ఆయప్ప కాడ ఉండే చిన్నది ఆగదంట. అడిగితే పెట్టె తీసిచ్చినా. అది ఇంతవరకు ఎవురికీ ఇయ్యల్యా, అదే మొదలు."

అమీర్ బాషా చేతిలోని పెట్టె కిందికి జారి గచ్చు మీద పడింది. ఆయన దాన్ని చూడలేదు.

"మేకులు కొట్టింది యాలనుకున్నావు?"

"నాకేం తెలుసు?"

"దాని బ్రేకు పని చేయదు గులాబీ. పాతసంతలో కూడా ఎవురూ కొనకుండా పక్కన పడేసి ఉన్న సామాను అది. మంచిది కొనేదానికి నా వల్ల కాల్యా. నేను వచ్చినాక పళ్ళచక్రం మార్చుకుని బాగు చేసుకుందామని తీసుకున్నా. తక్కువ బరువుకు పట్టుకున్నట్టే ఉంటాది. బరువు ఎక్కువైందా, గొలుసు చేతిలోంచి వదిలినాక ఆగదు. జారిపోతాది."

బోరు మోటార్లు పైకి తీయడం గులాబ్‌బీ ఇదివరకు చూసింది. బోరు మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, పైన కప్పీ తగిలించి, ఒకడు గొలుసు లాగుతుంటాడు. ఒక్కో పైపు పైకి వచ్చినప్పుడు దాన్ని విప్పడానికి ఇద్దరు ముగ్గురు బోరు మూతి మీదికి వంగి, ఆ వేలాడే బరువు కిందే చేతులు పెట్టి పని చేస్తారు.

"ఎప్పుడంట తీసేది?" అన్నాడు అమీర్ బాషా.

"ఈ పొద్దే. నిన్న ఫోన్ చేసి చెప్పినాడు."

ఆమె పరుగున పోయి ఫోను తెచ్చింది. నాగేంద్ర నంబరుకు చేసింది. రింగయింది, రింగవుతూనే ఉంది. ఎత్తలేదు. పనిలో ఉంటే వాడు ఫోను చొక్కాతో పాటు చెట్టుకు తగిలిస్తాడు, ఆమెకు తెలుసు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అమీర్ బాషా చెప్పులు వెతుకుతున్నాడు. కాళ్ళకు ఉన్న చెప్పులే వెతుకుతున్నాడు. లింగాలంటే పులివెందుల దాటి పోవాలి. ఇప్పుడు బయల్దేరితే చేరేదెప్పుడు?

"తోట ఎవురిది? ఆయప్ప నంబరు లేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న నాగేంద్ర తన ఫోనులో ఛార్జింగు లేదని ఆ రైతు ఇంట్లోవాళ్ళ సెల్లు నుంచే చేశాడు. గులాబ్‌బీ ఆ నంబరు వెతికి నొక్కింది. అమీర్ బాషా దగ్గరికొచ్చి స్పీకరు పెట్టాడు.

"ఎవురూ?" అంది అవతల ఒక పెద్దావిడ గొంతు.

"అమ్మా, నేను ప్రొద్దుటూరు నుంచి. కప్పీ ఇచ్చినామే, మీ మోటారు తీసేదానికి. నాగేంద్ర ఉండాడా?"

"వాండ్లంతా తోట కాడుండారు మా. నేను ఇంటి కాడుండా. తోట మాదే, నేను ఆదినారాయణ భార్యని, భారతమ్మను."

"భారతమ్మా, పని ఆపమని చెప్పాలమ్మా. అర్జెంటు. ఆ కప్పీ మంచిది కాదు. బరువు ఆగదు. ఇంట్లో ఎవురన్నా ఉంటే పంపియ్యి."

"ఎవురుండారు, నేనొగదాన్నే. వాండ్ల ఫోన్లు ఎవురూ ఎత్తరు, పొద్దున్నించీ చేస్తాండా, అన్నానికి రమ్మని." ఆ గొంతు ఒక క్షణం ఆగింది. "నేనే పోతా పా. మోకాళ్ళు నొప్పులు, బిరబిరా నడవలేను. ఫోను పెట్టేయగాకు, నువ్వే చెప్పుదువు వాండ్లకు."

ఇద్దరూ ఫోను మధ్యలో పెట్టుకుని వంగారు. తలుపు గడియ తీసిన చప్పుడు వినపడింది. కుక్క ఒకటి మొరిగింది. తర్వాత నడక. చెప్పులు ఈడ్చుకుంటూ, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ నడిచే నడక. "వస్తాండా, వస్తాండా" అని ఆమె తనలో తాను అనుకుంటోంది. గులాబ్‌బీ కళ్ళు మూసుకుని ఆమెతో పాటే నడుస్తోంది. ఎక్కడో దూరంగా, చెట్ల వెనక నుంచి అన్నట్టు, మగవాళ్ళ కేకలు సన్నగా వినపడ్డాయి. బరువు లాగేటప్పుడు అందరూ కలిసి పెట్టే కేకలు.

"లాగుతాండారు" అన్నాడు అమీర్ బాషా. "ఇంకా లాగుతానే ఉండారు. గట్టిగా పిలువమను."

"భారతమ్మా, ఆడ్నుంచే పిలువు. ఆపమని పిలువు."

"నాగేంద్రా" అని పిలిచింది ఆ పెద్దావిడ. గొంతు చాలలేదు. "ఓరి నాగేంద్రా, ఆగుర్రా" అని మళ్ళీ పిలిచింది.

కేకలు ఆగాయి.

గులాబ్‌బీ ఊపిరి వదిలింది. విన్నారు. ఆపారు. మొగుడి ముఖంలోకి చూసింది. ఆయన ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. చెవి ఫోనుకు ఇంకా దగ్గరగా వంచాడు.

అవతల ఈడ్చుకుంటూ వస్తున్న చెప్పుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"భారతమ్మా? విన్నారా వాండ్లు?"

"బోరు కాడ ఏందో పడిన సప్పుడైంది మా" అంది భారతమ్మ.